హైడ్రోపోనిక్స్‌లో బిందు సేద్యం

హైడ్రోపోనిక్స్‌లో బిందు సేద్యం అనగా మట్టి లేకుండా పెంచే మొక్కల వేళ్ల వద్దకు, పోషకాలు కలిపిన నీటిని సన్నని గొట్టాల ద్వారా చుక్కలు చుక్కలుగా అందించే సాగు విధానం. ఇందులో మట్టికి బదులుగా కొబ్బరి పొట్టు, రాక్‌వూల్ అనబడే రాతి ఉన్ని, పెర్లైట్ వంటి పదార్థాలలో వేళ్లు పెరుగుతాయి. టమాటో, కీర దోస, క్యాప్సికం, స్ట్రాబెర్రీ, గులాబీ, జెర్బెరా వంటి పంటలను హరితగృహాలలో పెంచడానికి ఈ పద్ధతి అనేక దేశాలలో వాడుకలో ఉన్నది.

పొలంలోని బిందు సేద్యానికి, దీనికి పరికరాలు చాలావరకు ఒకటే. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పొలంలో ఒక డ్రిప్పర్ రెండు రోజులు మూసుకుపోయినా నేలలోని తేమ, పోషకాలు మొక్కను కాపాడుతాయి. మట్టి లేని సాగులో ఆ ఆసరా ఉండదు. మొక్కకు కావలసిన నీరు, ఆహారం రెండూ ఆ ఒక్క డ్రిప్పర్ నుండే రావాలి. కావున ఈ విధానంలో ద్రావణం తయారీ, నీరు పెట్టే వేళలు, డ్రిప్పర్ల నిర్వహణ, మిగులు నీటి వినియోగం అన్నీ కొలతలతో జరగవలసి ఉంటుంది.

పేరు, పరిధి

హైడ్రోపోనిక్స్ అనే మాట గ్రీకు భాషలో నీరు, శ్రమ అనే అర్థాలు గల రెండు పదాల నుండి పుట్టింది. తెలుగులో దీనిని మృత్తికారహిత సేద్యం, నేల లేని సాగు అని కూడా అంటారు. కేవలం నీటిలోనే వేళ్లు ఉండే సాగును మాత్రమే హైడ్రోపోనిక్స్ అనాలని కొందరి అభిప్రాయం. వాడుకలో మాత్రం పోషకాలు లేని జడ మాధ్యమాలలో పెంచే పద్ధతులను కూడా ఇందులోనే చేర్చుతారు. బిందు పద్ధతి ఈ రెండవ వర్గానికి చెందినది.

చరిత్ర

మొక్కలకు కావలసినది మట్టి కాదనీ, మట్టిలోని ఖనిజ లవణాలనీ 19వ శతాబ్దంలో రుజువైంది. 1860 ప్రాంతంలో జర్మనీకి చెందిన యూలియస్ ఫాన్ జాక్స్, విల్హెల్మ్ క్నోప్ అనే శాస్త్రవేత్తలు లవణాలు కలిపిన నీటిలో మొక్కలను పెంచి చూపారు. చాలాకాలం ఇది ప్రయోగశాలలకే పరిమితమైంది. 1929 నుండి అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం ఫ్రెడరిక్ గెరికే ఈ విధానంతో ఆహార పంటలను పండించవచ్చునని ప్రచారం చేశాడు. 1937లో ఆయన హైడ్రోపోనిక్స్ అనే పేరును వాడుకలోకి తెచ్చాడు.

గెరికే ప్రచారం పత్రికలలో పెద్ద సంచలనం కలిగించింది. అదే విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్‌లు దీనిని పరిశీలించి 1938లో ఒక కరదీపిక వెలువరించారు. మంచి నేలలో వచ్చే దిగుబడి కంటె నీటి సాగులో వచ్చే దిగుబడి స్వతహాగా ఎక్కువేమీ కాదని వారు తేల్చారు. వారు రూపొందించిన పోషక ద్రావణం కొద్దిపాటి మార్పులతో ఇప్పటికీ హోగ్లండ్ ద్రావణం అనే పేరుతో వాడుకలో ఉన్నది.

భారతదేశంలో ఈ సాగు 1946లో బెంగాల్‌లోని కాలింపాంగ్ ప్రాంతంలో మొదలైంది. షోల్టో డగ్లస్ అక్కడ ప్రయోగాలు చేసి, ఖర్చు తక్కువగా ఉండే పద్ధతిని రూపొందించాడు. దానికి బెంగాల్ పద్ధతి అని పేరు. 1951లో ఆయన దీనిపై గ్రంథం ప్రచురించాడు.

బిందు సేద్యం వేరొక దారిలో అభివృద్ధి చెందింది. ఇజ్రాయెల్‌కు చెందిన సించా బ్లాస్ అనే జలవనరుల ఇంజనీరు, కారుతున్న గొట్టం పక్కన ఉన్న చెట్టు మిగిలిన చెట్ల కంటె ఏపుగా పెరగడం 1930లలో గమనించాడు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత చవకైన ప్లాస్టిక్ గొట్టాలు లభించడంతో ఆ ఆలోచన కార్యరూపం దాల్చింది. 1965లో ఆయన నెగెవ్ ఎడారిలోని హత్జెరిమ్ అనే సామూహిక వ్యవసాయ క్షేత్రంతో ఒప్పందం చేసుకున్నాడు. నెటాఫిమ్ సంస్థ అలా ఏర్పడింది.

ఈ రెండు విధానాల కలయిక ఐరోపా హరితగృహాలలో జరిగింది. ఒకే నేలలో ఏటేటా ఒకే పంట వేయడం వలన నేల ద్వారా వ్యాపించే తెగుళ్లు, నులిపురుగులు పెరిగాయి. భవనాలలో వేడిని నిలపడానికి వాడే రాతి ఉన్నిలో మొక్కలు పెంచడం 1969లో డెన్మార్కులో మొదలైంది. నెదర్లాండ్స్ రైతులు 1970ల చివరి నుండి రాతి ఉన్ని పలకల పైన డ్రిప్పర్లు అమర్చి టమాటో, కీర దోస పండించసాగారు.

వ్యవస్థలోని భాగాలు

ద్రావణపు తొట్టి: పోషకాలు కలిపిన నీరు ఇందులో నిలువ ఉంటుంది. వెలుతురు సోకితే పాచి పడుతుంది కావున తొట్టికి మూత ఉండాలి. ఎండ తగలని చోట ఉంచాలి.

పంపు, టైమరు: టైమరు నిర్ణీత వేళలకు పంపును నడుపుతుంది. పెద్ద హరితగృహాలలో సూర్యరశ్మిని కొలిచే పరికరం ఆధారంగా కంప్యూటరు ఈ పని చేస్తుంది.

ఫిల్టరు: నలుసులను ఆపుతుంది. సాధారణంగా 120 మెష్ జల్లెడ లేదా డిస్కు ఫిల్టరు వాడతారు. దీని రంధ్రాల పరిమాణం సుమారు 130 మైక్రాన్లు.

గొట్టాలు: ప్రధాన గొట్టం, ఉప గొట్టాలు, వాటి నుండి వరుసల వెంట సాగే లేటరల్ గొట్టాలు ఉంటాయి. లేటరల్ గొట్టాలు నల్లనివై ఉంటాయి. వెలుతురు లోనికి పోకుండా, పాచి పెరగకుండా ఉండడానికే ఈ రంగు.

డ్రిప్పర్లు: గంటకు 2 లీటర్లు లేదా 4 లీటర్లు ఇచ్చేవి ఎక్కువగా వాడతారు. పీడనం హెచ్చుతగ్గులైనా ఒకే మోతాదు ఇచ్చే డ్రిప్పర్లు పొడవైన వరుసలకు తప్పనిసరి. పంపు ఆగగానే మూసుకుపోయే రకాలు కూడా ఉన్నాయి. ఇవి లేనిచోట గొట్టాలలో మిగిలిన ద్రావణం పల్లంలోని మొక్కల వద్దకు కారిపోయి, వాటికి ఎక్కువ, మెరకన ఉన్న వాటికి తక్కువ అందుతుంది.

మిగులు నీటి కాలువ: సంచుల అడుగు నుండి కారే నీటిని సేకరించే వాలు తొట్టి ఇది.

ఇళ్ల డాబాల మీద ఒక మీటరు ఎత్తున బకెట్ పెట్టి పంపు లేకుండా నడిపే చిన్న అమరికలు కూడా ఉన్నాయి. ఆ ఎత్తు నుండి లభించే పీడనం వాతావరణ పీడనంలో పదవ వంతు మాత్రమే. పీడనాన్ని సరిచేసుకునే డ్రిప్పర్లు అంత తక్కువ పీడనం వద్ద సరిగా పనిచేయవు. అటువంటి చోట తిప్పి సరిచేసుకునే సాధారణ డ్రిప్పర్లు వాడవలసి ఉంటుంది.

మాధ్యమాలు

మాధ్యమం మొక్కను నిలబెట్టడంతో పాటు వేళ్లకు నీరు, గాలి రెండింటినీ అందుబాటులో ఉంచాలి.

రాతి ఉన్ని: బసాల్టు వంటి శిలలను సుమారు 1600 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి దారాలుగా వడికి తయారుచేస్తారు. నీటిని బాగా పట్టి ఉంచుతుంది. వాడిన తరువాత నేలలో కుళ్లిపోదు కావున పారవేయడం సమస్య.

కొబ్బరి పొట్టు: పీచు తీసిన తరువాత మిగిలే పొడి పదార్థం. చవక, నేలలో కలిసిపోతుంది. ఇందులో సోడియం, పొటాషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. మంచినీటితో కడిగి, కాల్షియం నైట్రేటు ద్రావణంలో నానబెట్టి, మళ్లీ కడిగిన తరువాతనే వాడాలి. ఈ పని చేయకపోతే పొట్టు తన సోడియంను వదిలి ద్రావణంలోని కాల్షియంను పట్టుకుంటుంది. టమాటో కాయల అడుగు భాగం నల్లబడి కుళ్లడానికి ఈ కాల్షియం లోపమే కారణం.

పెర్లైట్: అగ్నిపర్వత గాజు శిలను వేడిచేస్తే పేలాల వలె ఉబ్బి ఏర్పడే తెల్లని గుళికలు. గాలి బాగా ఆడుతుంది గాని నీటి నిలువ తక్కువ.

మాధ్యమంలో నిలిచే నీరు ఎంత తక్కువో ఒక లెక్కతో తెలుస్తుంది. 100 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు, 7.5 సెంటీమీటర్ల ఎత్తు గల రాతి ఉన్ని పలక ఘనపరిమాణం 11 లీటర్ల పైచిలుకు. అందులో నిలిచే ద్రావణం సుమారు 8 లీటర్లు. దానిపై 3 టమాటో మొక్కలు ఉంటే, వేడి రోజున ఒక్కొక్కటి 2 నుండి 3 లీటర్లు తాగుతుంది. అనగా పలకలోని నీరంతా దాదాపు ఒక్క రోజు అవసరానికి సమానం. నీరు తగ్గేకొద్దీ మిగిలిన ద్రావణంలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది కావున, పలక పూర్తిగా ఆరకముందే మొక్క వాడిపోతుంది.

పోషక ద్రావణం

నత్రజని, భాస్వరం, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, గంధకం ఎక్కువ మోతాదులోను, ఇనుము, మాంగనీసు, జింకు, బోరాన్, రాగి, మాలిబ్డినం స్వల్ప మోతాదులోను కావాలి. వీటి లవణాలను నూరు రెట్లు చిక్కగా కరిగించి రెండు వేర్వేరు తొట్లలో నిలువ చేస్తారు. మొదటి తొట్టిలో కాల్షియం నైట్రేటు, చీలేటెడ్ ఇనుము ఉంటాయి. రెండవ తొట్టిలో మెగ్నీషియం సల్ఫేటు, పొటాషియం ఫాస్ఫేటు, మిగిలిన సూక్ష్మపోషకాలు ఉంటాయి. 98 లీటర్ల నీటికి రెండింటి నుండి ఒక్కొక్క లీటరు కలిపితే వాడదగిన ద్రావణం సిద్ధమవుతుంది.

రెండు తొట్లు ఎందుకు అనే ప్రశ్నకు సమాధానం డ్రిప్పర్లలో ఉన్నది. చిక్కని స్థితిలో కాల్షియం సల్ఫేటుతో కలిస్తే జిప్సంగాను, ఫాస్ఫేటుతో కలిస్తే కాల్షియం ఫాస్ఫేటుగాను గడ్డకట్టి అడుగున పేరుకుంటుంది. దీనివలన పోషకాలు మొక్కకు అందవు. డ్రిప్పర్లు కూడా మూసుకుపోతాయి.

ద్రావణాన్ని రెండు కొలతలతో పరీక్షిస్తారు. ఒకటి పీహెచ్ అనబడే ఉదజని సూచిక. ఇది 5.5 నుండి 6.5 మధ్య ఉండాలి. అంతకు మించితే ఇనుము, మాంగనీసు, భాస్వరం మొక్కకు అందవు. రెండవది విద్యుద్వాహకత. నీటిలో లవణాలు ఎక్కువైన కొద్దీ విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కావున, ఈ కొలత వలన మొత్తం లవణాల సాంద్రత తెలుస్తుంది. దీని ప్రమాణం మీటరుకు డెసీసీమెన్స్. స్ట్రాబెర్రీకి సుమారు 1 నుండి 1.5, కీర దోసకు 1.7 నుండి 2.5, టమాటోకు 2 నుండి 3.5 వరకు తగినది. ఏ లవణం ఎంత ఉన్నదో విద్యుద్వాహకత చెప్పదు. అందుకు ప్రయోగశాల పరీక్ష అవసరం.

నీరు పెట్టే వేళలు, మోతాదు

ఈ పద్ధతిలో ఒకేసారి ఎక్కువ నీరు పెట్టరు. కొద్దికొద్దిగా ఎక్కువ సార్లు ఇస్తారు. గంటకు 2 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ 3 నిమిషాలలో 100 మిల్లీలీటర్లు ఇస్తుంది. ఎదిగిన టమాటో మొక్కకు రోజుకు 2.5 లీటర్లు కావలసి ఉంటే, అటువంటి తడులు 25 అవుతాయి. సూర్యోదయం తరువాత ఒకటి రెండు గంటలకు మొదలుపెట్టి, సూర్యాస్తమయానికి ఒకటి రెండు గంటల ముందు ఆపడం సాధారణ పద్ధతి. మధ్యాహ్నం తడుల మధ్య వ్యవధి తగ్గిస్తారు. రాత్రి నీరు పెడితే వేళ్లకు గాలి అందక కుళ్లు తెగులు సోకే ప్రమాదం ఉంటుంది.

ఇచ్చిన ద్రావణంలో 20 నుండి 30 శాతం అడుగు నుండి బయటకు పోయేలా చూస్తారు. మొక్క నీటిని తాగినంత వేగంగా అన్ని లవణాలను తీసుకోదు. మిగిలిపోయిన లవణాలు వేళ్ల వద్ద పేరుకోకుండా ఈ అదనపు నీరు కడిగివేస్తుంది. రైతు ప్రతిరోజు ఒక డ్రిప్పర్ ఇచ్చిన నీటిని ఒక పాత్రలోను, ఒక సంచి నుండి కారిన నీటిని మరొక పాత్రలోను పట్టి కొలవాలి. ఇచ్చిన ద్రావణం విద్యుద్వాహకత 2.5 ఉండి, కారిన నీటిలో 3.2 ఉంటే పరిస్థితి బాగున్నట్టు. అది 4.5కు చేరితే లవణాలు పేరుకుంటున్నట్టు గ్రహించి మోతాదు పెంచాలి. అసలు నీరే కారకపోతే మొక్కకు చాలినంత అందడం లేదని అర్థం.

మిగులు ద్రావణం

బయటకు వచ్చిన మిగులు ద్రావణాన్ని వదిలివేసే పద్ధతిని తెరచిన పద్ధతి అని, తిరిగి వాడే పద్ధతిని మూసిన పద్ధతి అని అంటారు. తెరచిన పద్ధతి సులువు. తెగులు ఒక మొక్క నుండి మరొక మొక్కకు నీటి ద్వారా వ్యాపించదు. ద్రావణం సమతుల్యత చెడదు. అయితే దీని భారం పరిసరాలపై పడుతుంది.

టమాటోకు ఇచ్చే ద్రావణంలో లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల నత్రజని నైట్రేటు రూపంలో ఉంటుంది. నైట్రేటుగా లెక్కిస్తే ఇది సుమారు 880 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదు. అనగా సంచి నుండి కారే నీటిలో ఆ పరిమితికి దాదాపు 20 రెట్లు ఉంటుంది. 1000 చదరపు మీటర్ల పాలీహౌస్‌లో 2500 మొక్కలు ఉండి, ఒక్కొక్కదానికి రోజుకు 2.5 లీటర్లు ఇస్తే, 30 శాతం చొప్పున 1875 లీటర్లు బయటకు పోతాయి. దానిలోని నత్రజని 375 గ్రాములు. ఈ లెక్కన 55 రోజులలో 45 కిలోల యూరియా బస్తాలోని నత్రజనికి సమానమైనది నేలలోకి ఇంకుతుంది. అక్కడి నుండి అది బావులకు, బోర్లకు చేరుతుంది.

నెదర్లాండ్స్‌లో ఈ సమస్య మొదట ఎదురైంది. రాతి ఉన్ని సాగు వ్యాపించిన తరువాత కాలువలలో ఎరువులు, పురుగుమందుల అవశేషాలు పెరగడంతో మిగులు నీటిని తిరిగి వాడటం చట్టరీత్యా తప్పనిసరి చేశారు. 2027 నాటికి హరితగృహాల నుండి ఇవి దాదాపు ఏమీ బయటకు రాకుండా చేయాలన్నది అక్కడి లక్ష్యం. తిరిగి వాడే ముందు ద్రావణంలోని సూక్ష్మజీవులను నశింపజేయాలి. ఇందుకు 95 డిగ్రీల వద్ద 30 సెకన్లు వేడిచేయడం, అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేయడం, ఇసుక గుండా నెమ్మదిగా వడపోయడం అనే పద్ధతులు ఉన్నాయి. తిరిగి వాడిన కొద్దీ మొక్క తీసుకోని సోడియం పెరుగుతుంది. కావున మొదట వాడే నీరే ఉప్పు లేనిదై ఉండాలి. ఇందుకై నెదర్లాండ్స్ రైతులు హరితగృహాల పైకప్పుల మీద పడే వర్షపు నీటిని నిలువ చేస్తారు.

సరిగా నడిచినప్పుడు నీటి ఆదా గణనీయంగా ఉంటుంది. ఆరుబయట బిందు సేద్యంలో కిలో టమాటోకు దాదాపు 60 లీటర్ల నీరు అవసరం కాగా, మిగులు నీటిని తిరిగి వాడే నెదర్లాండ్స్ హరితగృహాలలో సుమారు 15 లీటర్లు సరిపోతాయి. ఈ తేడాకు డ్రిప్పరు ఒక్కటే కారణం కాదు. అక్కడి చల్లని వాతావరణం, అధిక దిగుబడి, నీటి పునర్వినియోగం కూడా కారణాలు.

డ్రిప్పర్లు మూసుకుపోవడం

ఈ విధానంలో తరచుగా ఎదురయ్యే సమస్య ఇదే. గడ్డకట్టిన లవణాలు, పాచి, బాక్టీరియా జిగురు, నలుసులు ఇందుకు కారణాలు. లవణాల వలన అయితే పంట తీసిన తరువాత పలుచని నత్రికామ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం పంపి కడుగుతారు. జిగురు, పాచికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. ఆమ్లాన్ని ఎల్లప్పుడూ నీటిలో కలపాలి. ఆమ్లంలో నీరు పోయరాదు.

డ్రిప్పర్లు సమానంగా పనిచేస్తున్నాయో లేదో తెలుసుకొనే పరీక్ష సులభం. వేర్వేరు వరుసలలో 12 డ్రిప్పర్ల కింద గిన్నెలు ఉంచి ఒకే సమయం నీరు పట్టాలి. అన్నిటికంటె తక్కువ వచ్చిన 3 గిన్నెల సగటును మొత్తం 12 గిన్నెల సగటుతో భాగించి నూరుతో గుణించాలి. మొత్తం సగటు 100 మిల్లీలీటర్లు, తక్కువ వాటి సగటు 92 అయితే సమానత 92 శాతం. 90 శాతం కంటె తగ్గితే శుభ్రం చేయడం అవసరం. ఈ తేడాను సరిచేయడానికి మొత్తం తోటకు నీరు పెంచితే కొన్ని మొక్కలు తడిసి ముద్దవుతాయి, మిగులు నీరు వృథాగా పెరుగుతుంది.

తెలుగు రాష్ట్రాలలో

పొలంలోని బిందు సేద్యం తెలుగు రైతులకు కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన తరువాత అనంతపురం వంటి వర్షాభావ జిల్లాలలో ఇది విస్తరించింది. గొట్టాలు, ఫిల్టర్లు, ఆమ్ల చికిత్స గురించిన ఆ అనుభవం మట్టి లేని సాగుకు కూడా ఉపకరిస్తుంది. కోనసీమలోని పీచు పరిశ్రమల నుండి కొబ్బరి పొట్టు లభిస్తుంది.

పరిమితులు కూడా ఉన్నాయి. మొదటిది నీరు. ఈ సాగుకు వాడే నీటి విద్యుద్వాహకత 0.5 లోపు ఉండటం మేలు. చాలా ప్రాంతాలలో బోరు నీరు అంతకంటె ఉప్పగా, బైకార్బొనేట్లతో కూడి ఉంటుంది. దీనికి ఆమ్లం కలపడం, వర్షపు నీటితో కలిపి వాడటం, లేదా రివర్స్ ఆస్మాసిస్ యంత్రంతో శుద్ధి చేయడం అవసరం. ఆ యంత్రం వదిలే ఉప్పునీటిని ఏం చేయాలన్నది మరొక సమస్య.

రెండవది వేడి. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద ఇది 7.6కు తగ్గుతుంది. వేసవిలో ఎండలో పడి ఉన్న నల్ల గొట్టాలలోని ద్రావణం ఇంకా వేడెక్కుతుంది. తొట్టిని నేలలో పాతడం, గొట్టాలను నీడలో ఉంచడం, సంచుల పైభాగం తెల్లగా ఉండేలా చూడటం ఉపశమన మార్గాలు.

మూడవది విద్యుత్తు. మండువేసవిలో మధ్యాహ్నం పంపు కొన్ని గంటలు ఆగితే పంట మొత్తం దెబ్బతినవచ్చు. జనరేటరు లేదా బ్యాటరీ, పంపు ఆగినప్పుడు మోగే గంట, చేతితో నీరు పోయడానికి నిలువ నీరు ముందుగానే సమకూర్చుకోవాలి. అడుగున రెండు మూడు సెంటీమీటర్ల ద్రావణం నిలిచేలా వంపు గొట్టం అమర్చిన డచ్ బకెట్లు ఇటువంటి సమయంలో కొంత రక్షణ ఇస్తాయి.

అనుకూలతలు, అననుకూలతలు

నేల ద్వారా వచ్చే తెగుళ్లు తగ్గడం, చవుడు నేలలలోను డాబాల మీద కూడా సాగు చేయగలగడం, కలుపు లేకపోవడం, ఎరువును మోతాదుగా ఇవ్వగలగడం ఈ విధానపు అనుకూలతలు. అధిక పెట్టుబడి, నిత్య పర్యవేక్షణ, నైపుణ్యం, నాణ్యమైన నీరు, నిరంతర విద్యుత్తు అవసరం కావడం అననుకూలతలు. పాలకూర, లెట్యూస్ వంటి ఆకుకూరలకు పలుచని నీటిపొర పద్ధతి లేదా తేలియాడే పలకల పద్ధతి ఎక్కువ అనువైనవి. ప్రతి మొక్కకు ఒక డ్రిప్పర్ అమర్చే ఖర్చు ఎక్కువ కాలం కాపునిచ్చే, అధిక ధర పలికే పంటలకే గిట్టుబాటు అవుతుంది. వరి, జొన్న, పప్పుధాన్యాలకు ఈ విధానం తగినది కాదు.

ఇవి కూడా చూడండి

బిందు సేద్యం
హరితగృహం
కొబ్బరి పీచు
మొక్కల పోషకాలు